ట్రైలరు మెడ మీద గీత

ఆ వీధిలో ఆమె అసలు పేరు చాలామందికి తెలియదు. అమ్మో పిన్ని అంటే మాత్రం పాలు పోసేవాడి దగ్గర్నుంచి పాతసామాన్లు కొనేవాడి దాకా అందరికీ తెలుసు. ఆ పేరు పెట్టింది ఎవరో కాదు, ఆమె నోరే. పాలు పొంగినా అమ్మో, కుక్క మొరిగినా అమ్మో, ఎవరైనా ఏదో చెప్పబోయి నోరు తెరిస్తే ఆ సంగతేమిటో వినకముందే అమ్మో. చిన్నప్పుడు ఉయ్యాల ఎక్కిస్తే, ఇంకా ఊపకముందే దిగిపోయి, తాడు పైన ఎలా కట్టారో చూపిస్తేగానీ మళ్ళీ ఎక్కనందట. అప్పటికి పుట్టనైనా పుట్టని ఆమె తమ్ముడు ఈ కథని కళ్ళారా చూసినట్టు అందరికీ చెబుతుంటాడు.

భయపడేవాళ్ళలో ఎక్కువమంది భయపడి ఇంట్లో కూర్చుంటారు. పిన్ని ఆ రకం కాదు. భయపడుతూనే అన్ని పనులూ చేసుకుపోతుంది. నిచ్చెన అంటే ఆమెకి చచ్చే భయం, అయినా గోడంత గేట్లకి పైదాకా రంగు వేసేది ఆమే. ఎక్కినంతసేపూ కింద ఎవరో ఒకరు నిచ్చెన పట్టుకోవాలి, పట్టుకున్నవాళ్ళు తుమ్మకూడదు, దగ్గకూడదు, ఇంకొకరితో కబుర్లు చెప్పకూడదు. అందుకే ఆ వీధిలో ఆమె నిచ్చెన తెస్తోందంటే మగవాళ్ళకి ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి.

ఆమె భర్త గేట్లు చేసే మేస్త్రి. ఇంటిని ఆనుకునే రేకుల షెడ్డు. ఒక మూల వెల్డింగు మిషను, మరో మూల ఇనుప గొట్టాలు, మధ్యలో ఎప్పుడూ ఏదో ఒక గేటు రెండు బల్లల మీద పడుకుని ఉండేది. అతికించడం ఆయన వంతు, రంగు వేయడం ఆమె వంతు. మేస్త్రికి ఒకటే పట్టుదల, అతుకు కనబడకూడదు. అతికిన చోట ఇనుము కరిగి కట్టిన గట్టుని గ్రైండరుతో నున్నగా అరగదీసేవాడు. ఆ మీద పిన్ని సందులు పూడ్చే లప్పం ముద్ద పెట్టి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, ఎర్రటి ప్రైమరు వేసి, దాని మీద రంగు రెండు పూతలు వేసేది. గేటు తీసుకువెళ్ళడానికి వచ్చినవాళ్ళతో మేస్త్రి పందెం కట్టేవాడు, అతుకు ఎక్కడుందో చూపించమని. వాళ్ళు కళ్ళు చికిలించి, వేళ్ళతో తడిమి, ఓడిపోయి నవ్వేవారు. అతుకు కనబడితే అది గేటు కాదు, అతుకుల బొంత అనేవాడు ఆయన.

అతుకు ఎక్కడుందో తెలిసింది పిన్ని బొటనవేలికి ఒక్కదానికే. ఏళ్ళ తరబడి లప్పం రుద్దిన వేలు అది. కళ్ళు మూసుకుని తడిమినా ఇక్కడ ఇనుము ఆగి లప్పం మొదలైందని చెప్పగలిగేది. అయితే ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు. మొగుడు పందెం నెగ్గుతుంటే మధ్యలో పుల్ల వేయడం ఎందుకని ఊరుకునేది.

ఇలా సాగిపోతున్న సంసారంలోకి ఆమె తమ్ముడు ఒక జీపు తెచ్చాడు. దానికి తలుపులు లేవు, పైకప్పు లేదు, చక్రాలు మాత్రం ఒంటికి మించినవి. రోడ్డు మీద తిప్పడానికి పనికిరాని బండి. కొండ అవతల సగం ఎండిన వాగు ఉంది, సెలవు రోజుల్లో ఇలాంటి పిచ్చే ఉన్న కొందరు అక్కడ చేరి, బండ్లని బురదలోనూ బండరాళ్ళ మీదా తోలుతారు. తమ్ముడికి ఆ పిచ్చి పట్టింది.

"వేసిన రోడ్లు ఉండగా రాళ్ళమీద తోలడం ఏం సరదారా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల," అంది పిన్ని.

"తొక్కడంలోనే ఉందక్కా మజా. కడగడం నీకు వదిలేస్తాలే," అన్నాడు తమ్ముడు.

జీపుని అక్కడిదాకా తీసుకువెళ్ళాలంటే దాన్ని ఎక్కించుకుని తమ్ముడి వ్యాను వెనక లాక్కెళ్ళే ట్రైలరు ఒకటి కావాలి. తమ్ముడు బావ దగ్గరికి వచ్చి, గేట్లు చేసే చేతికి ట్రైలరు ఒక లెక్కా అన్నాడు. ఆ మాటతో మేస్త్రి పడిపోయాడు. పొగడ్తకి పడనివాళ్ళు ఉంటారేమోగానీ, ఆయన వాళ్ళలో లేడు.

పాత ఇనుము అంగట్లో ఇరుసు దొరికింది, చక్రాలు దొరికాయి, కుదుపుని మింగే కమాను పట్టీలు దొరికాయి. చట్రం దిట్టంగానే కుదిరింది. జీపు ఎక్కడానికి వెనక రెండు వాలు పలకలు, మడిచిపెట్టుకునేలా. ఇక మిగిలింది మెడ. చట్రం ముందునుంచి సాగి వెళ్ళి వ్యాను హుక్కుకి తగులుకునే ఇనుప దూలాన్ని వాళ్ళు మెడ అన్నారు. దానికి కావలసినంత పొడుగు ఇనుప ఛానలు షెడ్డులో లేదు. ఎప్పుడో ఒక ఫ్యాక్టరీ గేటుకి తెచ్చినదాంట్లో మిగిలిన ముక్కలు రెండు ఉన్నాయి, రెండూ బలమైనవే. మేస్త్రి వాటిని కొసకి కొస ఆనించి అతికాడు. తర్వాత, చెయ్యి అలవాటు, గ్రైండరు అందుకుని అతుకుని నున్నగా అరగదీశాడు. వేసిన వెల్డింగు కుట్టులో సగం దుమ్మై రాలిపోయింది. అది గేటు అయితే ఆ మిగిలిన సగమే వందేళ్ళు నిలబడేది, గేటుని ఎవరూ లాగరు కాబట్టి.

అప్పుడు ఆ సంగతి ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. పిన్నికి తట్టింది వేరొకటి.

"ఏవండీ, దీనికీ వ్యానుకీ కలిపి ఒక గొలుసు కూడా కడితే? ఒకవేళ ఊడితే పట్టుకుంటుంది కదా."

"గొలుసెందుకే, ఇదేమన్నా కరుస్తుందా?" అన్నాడు మేస్త్రి. తమ్ముడు పగలబడి నవ్వాడు. పిన్ని కూడా నవ్వి, లప్పం డబ్బా మూత తీసింది.

రంగు మాత్రం ఆమె ప్రాణం పెట్టి వేసింది. జీపుదే రంగు, ముదురు ఆకుపచ్చ. ఆరాక ట్రైలరు మెడ మీద అద్దంలోలాగా ఆకాశం కనిపించింది. మేస్త్రి దాని చుట్టూ తిరిగి, తమ్ముడితో అతుకు చూపించమని పందెం కట్టాడు. తమ్ముడు ఓడిపోయాడు.

మొదటిసారి జీపుని ఎక్కించినప్పుడు పిన్ని తలుపు చాటున నిలబడి సందులోంచి చూసింది. ఎక్కడో పలక విరుగుతుందని, లేదంటే తమ్ముడు అటునుంచి అటే గోడ మీదికి దూకిస్తాడని ఆమె భయం. ఏమీ కాలేదు. కమాన్లు మూలిగి సర్దుకున్నాయి. వ్యాను ట్రైలరుని లాక్కుంటూ వీధి చుట్టి వచ్చింది. పిల్లలు వెనక పరుగెత్తారు.

దుమ్ము తుడుస్తున్నప్పుడు ఆమె ఆ గీతని చూసింది. మెడ అడుగు అంచున, సరిగ్గా అతుకు ఉన్నచోట, వెంట్రుకంత గీత. ఆమెకి పెద్ద ఆశ్చర్యం కలగలేదు. లప్పం ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, గేట్లకి కూడా అప్పుడప్పుడు ఇలాగే నెర్రె బారుతుంది. కాస్త లప్పం తీసి అదిమి, రుద్ది, రంగు అద్దింది. గీత మాయమైంది.

మర్నాడు తమ్ముడు ట్రైలరుని ఊళ్ళో ఎవరికో చూపించి తెచ్చాడు, స్పీడు బ్రేకర్ల మీదుగా. పిన్ని చేతిలో గుడ్డతో వెళ్ళి అడుగు అంచు చూసింది. గీత మళ్ళీ వచ్చింది. అక్కడే, అదే వంకరతో. ఈసారి ఆమె కింద చతికిలబడి బొటనవేలు ఆనించింది. గీతకి ఇటువైపు ఇనుము అటువైపు కంటే వెంట్రుకవాసి ఎత్తుగా తగిలింది. ఆరిన లప్పం నెర్రె బారుతుంది గానీ ఇనుముని ఎత్తదు.

"ఏవండీ, మెడ మీద గీత మళ్ళీ వచ్చింది," అంది లోపలికి వెళ్ళి.

మేస్త్రి అన్నం తింటున్నాడు. "లప్పం సరిగా ఆరి ఉండదు."

"కాదండీ. వేలికి వేరేగా తగులుతోంది."

"నీ వేలికి పోయినేడు నీళ్ళ ట్యాంకు కూలిపోతున్నట్టు తగిలింది. అంతకుముందు గ్యాసు పొయ్యి పేలుతున్నట్టు తగిలింది. ఏమన్నా కూలిందా, పేలిందా?"

ఏమీ కూలలేదు, పేలలేదు. అదే ఆమెతో వచ్చిన చిక్కు. తాడు కనబడిన ప్రతిసారీ పామని కేక వేసే మనిషికి, నిజం పాము ఎదురైతే వేయడానికి వేరే కేక ఉండదు. పిన్నికి ఆ సంగతి తెలుసు. తన భయాల్లో ఏది గట్టిదో ఏది ఉత్తదో తనకే తెలియకపోతే ఇంకొకరికి ఎలా చెప్పను అనుకుంది. సాయంత్రం ట్రైలరుని చూడటానికి తమ్ముడి స్నేహితులు వస్తున్నారు. వాళ్ళ ముందు గీత కనబడితే మేస్త్రి తల దించుకోవాలి. ఆమె డబ్బా తెరిచి, గీతలో లప్పం కూరి, రంగు అద్దేసింది. స్నేహితులు వచ్చారు, వేళ్ళతో తడిమారు, పందెం ఓడిపోయారు.

కొండ అవతలికి వెళ్ళే రోజు పొద్దున్నే జీపుని ఎక్కించి తాళ్ళు బిగిస్తుంటే పిన్ని చెప్పులు వేసుకుని వచ్చింది. భుజాన సంచి, అందులో ఆమె రంగు సామాను.

"నేనూ వస్తా."

బావా బావమరదులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొండ దారి అంటే కళ్ళు తిరుగుతాయని తోడబుట్టిన చెల్లెలి ఇంటికి కూడా చుట్టు తిరిగి వెళ్ళే మనిషి. తమ్ముడు ముక్కు మీద వేలేసుకున్నాడు. ఇంట్లో కూర్చుని కబురు కోసం ఎదురుచూడటం కంటే బండిలో కూర్చుని వణకడమే నయమనిపించింది, అంతే.

ముందు సీట్లలో వాళ్ళిద్దరూ, వెనక సీటులో ఆమె. వెనక అద్దంలోంచి ట్రైలరు మెడ కనబడదు, జీపు మొహం ఒక్కటే కనబడుతుంది. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా జీపు తల ఊపేది. అది అవునంటోందో కాదంటోందో తెలియక పిన్ని రెండు చేతులతో తలుపు పిడి పట్టుకుని కూర్చుంది. తమ్ముడు ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. మేస్త్రి దారిలో కనబడిన ప్రతి గేటుకీ వంక పెడుతున్నాడు.

కొండ మొదట్లో ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "ఆపరా, వాంతి వచ్చేలా ఉంది."

తమ్ముడు ఆపాడు. ఆమె దిగి, వాంతికి పోవలసినవైపు పోకుండా ట్రైలరు పక్కకి వెళ్ళి వంగింది. గీత వచ్చేసింది. ఆమె నిన్న పూసిన లప్పం చీలి నిలబడింది. అడుగు అంచున ఉండవలసింది పక్కకి తిరిగి పైకి పాకడం మొదలుపెట్టింది. ఆమెకి నిజంగానే వాంతి వచ్చింది.

"ఒకసారి వచ్చి చూడండి," అంది నోరు తుడుచుకుని.

మేస్త్రి కిటికీలోంచి తల బయట పెట్టి చూశాడు. దిగలేదు. "రంగు నెర్రె బారిందిలే. వచ్చాక వేద్దువుగాని. ఎక్కు."

ఆమె ఎక్కింది. ఇంత భయపడే మనిషి ఎందుకు ఎక్కిందని అడగొచ్చు. ఆమెకి ట్రైలరు అంటే ఎంత భయమో, మళ్ళీ ఉత్తుత్తి అమ్మో అనిపించుకోవడమన్నా అంతే భయం. ఆ రెండు భయాల మధ్యా మనిషి నలిగిపోయింది.

కొండ ఎక్కుతున్నకొద్దీ దారి ఇరుకైంది. ఒకవైపు రాతిగోడ, ఒకవైపు గాలి. ఇంజను రొప్పుతోంది. వెనక జీపు మొహం ఇప్పుడు కాస్త కిందుగా, వాళ్ళని వెనక్కి గుంజుతున్నట్టు కనబడుతోంది. బరువంతా వేలాడుతున్నది ఆ మెడ మీదే అని పిన్నికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె మనసులోనే లెక్క వేసుకుంది. మెడ తెగితే వ్యాను ముందుకు పోతుంది, మాకేమీ కాదు. అలా అనుకున్నాక మొదటిసారి కాస్త ఊపిరి ఆడింది.

అప్పుడు జీపు పక్కనుంచి ఒక స్కూటరు కనబడింది. దాటి పోదామని ఒకసారి పక్కకి వచ్చి, దారి చాలక మళ్ళీ ట్రైలరు వెనక్కి వెళ్ళింది. మరుసటి వంపులో మళ్ళీ కనబడింది. తోలుతున్న మనిషి, వెనక ఒక ఆడమనిషి, ముందు నిలబడి హ్యాండిలు పట్టుకున్న చిన్నపిల్ల. ఆ పిల్ల జీపు పెద్ద చక్రాలని చూసి చెయ్యి ఊపింది.

పిన్నికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంతసేపూ ఆమె భయపడింది తనవాళ్ళ కోసం. మెడ తెగితే జీపూ ట్రైలరూ కలిసి వెనక్కి జారేది ఎవరి మీదికో ఇప్పుడు కళ్ళముందు కనబడింది.

"ఆపరా," అంది.

"ఎక్కేచోట ఆపితే మళ్ళీ కదలదక్కా. పైకెళ్ళాక ఆపుతా."

"ఆపమంటున్నాను కదరా."

"కాసేపు కళ్ళు మూసుకో," అన్నాడు మేస్త్రి, వెనక్కి తిరగకుండానే.

పిన్ని కళ్ళు మూసుకోలేదు. నిలిపి ఉన్న బండిలో కూడా తలుపు పిడి వదలని మనిషి, నడుస్తున్న బండి తలుపు బార్లా తెరిచింది. గాలి లోపలికి కొట్టింది. తమ్ముడు హడలిపోయి బ్రేకు తొక్కాడు. వ్యాను ఆగింది. వెనకనుంచి టక్ మని ఒక చప్పుడు వినిపించింది. పెద్దదేమీ కాదు, గేటు గడియ పడ్డట్టు. కానీ ఆ చప్పుడుకి మేస్త్రి మొహంలో రంగు మారడం ఆమె చూసింది. ఇనుము చేసే చప్పుళ్ళన్నీ ఆయనకి తెలుసు.

ఆమె దిగి వెనక్కి పరుగెత్తింది. ట్రైలరు వెనక, జీపు చక్రాల కిందికి వచ్చేచోట, రెండు చేతులూ చాపి నిలబడింది. ప్రపంచంలో ఆమె అన్నిటికంటే ఎక్కువ భయపడిన చోటు ఆ నిమిషంలో అదే. స్కూటరు మనిషి గట్టిగా బ్రేకు వేశాడు.

"ఏమమ్మా, రోడ్డుకి అడ్డంగా ఏంటిది?"

"వెనక్కి పో నాయనా. నీకు దణ్ణం పెడతాను, బండి తిప్పుకుని వెనక్కి పో."

వాడు ఏదో గొణిగాడు. వెనకున్న ఆడమనిషి పిన్ని మొహం చూసి వాడి భుజం తట్టింది. స్కూటరు తిరిగి కిందికి వెళ్ళింది. పిల్ల మెడ తిప్పి జీపుని చూస్తూనే ఉంది. వంపు దాటి వాళ్ళు కనబడకుండా పోయేదాకా పిన్ని చేతులు దించలేదు. ఈలోగా మేస్త్రి పరుగు పరుగున రాళ్ళు తెచ్చి చక్రాల వెనక పెట్టాడు. ఒకటి పెట్టి, సరిపోదని ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి పెట్టాడు.

ఆమె సంచిలోంచి లప్పం గీసే రేకు తీసి మెడ పక్కన కూర్చుంది. ఏ రంగుని అద్దంలా వచ్చేలా వేసిందో ఆ రంగుని బరబరా గీకేసింది. ఆకుపచ్చ పోయింది, ఎరుపు పోయింది, లప్పం పెచ్చుగా ఊడి వచ్చింది. అడుగున ఇనుము రెండుగా విడిపోయి ఉంది. పగులు అడుగునుంచి మెడ పక్కభాగంలో సగానికి పైగా ఎక్కింది. అందులో ఆమె గోరు దూరింది. విడిపోయిన చోట మెరుస్తూ కనబడిన అతుకు రేకంత పలచగా ఉంది.

మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని తన వేలితో ఆ పలచని చోటు తడిమాడు. చాలాసేపు తడిమాడు. తన కుట్టుని తనే అరగదీశానని ఆయనకి అర్థమవుతుంటే ఆ వేలు వణకడం పిన్ని చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన భయపడగా ఆమె చూడలేదు. ఈ ఇంట్లో భయం తన ఒక్కదాని సొత్తు అనుకునేది. ఆయన మొహంలో అది కనబడేసరికి ఆమె భయం రెట్టింపైంది.

"ఎన్నిసార్లు పూశావు?" అని అడిగాడు మేస్త్రి, తల ఎత్తకుండా.

ఆమె రెండు వేళ్ళు చూపించింది.

"రెండోసారి పూసేటప్పుడు తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి చెప్పాలి కదా."

"చెప్పాను."

"ఇంకోసారి చెప్పాలి. అరవాలి. నువ్వు అన్నిటికీ ఒకేలా భయపడితే దేనికి భయపడాలో నాకెలా తెలుస్తుందే?"

ఆయన గొంతు పెద్దదైంది. వెంటనే తగ్గింది. పక్కన ఉన్న రాయి మీద కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. "పైన పటారం, లోన లొటారం," అన్నాడు. తన పనిని ఆయన ఆ మాట అనడం ఆమె విన్న మొదటిసారి అదే. తనకి అంత బాధ కలుగుతుందని ఆమె అనుకోలేదు. ఆ పటారం వేసింది ఆమె చెయ్యే కదా.

జీపుని దించడం ఆ రోజు వాళ్ళు చేసిన అన్ని పనుల్లోకీ గడ్డుది. తమ్ముడు జీపు ఎక్కి, పాటలు మానేసి, ఊపిరి బిగబట్టి, వాలు పలకల మీదుగా అంగుళం అంగుళం వెనక్కి దించాడు. పలకలు కిర్రుమన్నప్పుడల్లా మేస్త్రి పళ్ళు కరుచుకున్నాడు. పిన్ని చూడలేక కళ్ళు మూసుకుంది, మూసుకుంటే ఇంకా భయమేసి తెరిచింది. నేల తగిలాక తమ్ముడు స్టీరింగు మీద తల వాల్చాడు. తర్వాత జీపుని రేపు తెద్దామని గోడవారగా వదిలి, విరిగిన కాలికి బద్దలు కట్టినట్టు మెడకి రెండువైపులా కర్రలు పెట్టి తాళ్ళతో బిగించి, ఉత్త ట్రైలరుని మనిషి నడకన ఇంటికి తెచ్చారు. కొండ దిగినంతమేరా మేస్త్రి దాని పక్కనే నడిచాడు, ఎక్కమన్నా ఎక్కలేదు.

ఇంటికి చేరాక మేస్త్రి ఆ మెడని కోసి పారేశాడు. ఒకే ముక్క ఛానలు ఎక్కడో వెతికి తెచ్చాడు. చట్రానికి అతికేచోట అంచులు వాలుగా కోసి, లోపలిదాకా కుట్టు వేసి, రెండువైపులా పలకలు కట్టాడు. గ్రైండరు ముట్టుకోలేదు. కుట్లన్నీ లావుగా, గరుకుగా, చూసేవాళ్ళకి ఇదేం పనివాడి చెయ్యి అనిపించేలా ఉండిపోయాయి. గొలుసు కూడా తగిలించాడు, ఒకటి కాదు, రెండు.

పిన్ని లప్పం డబ్బా తీసుకుని వచ్చింది.

"దానికి వద్దు," అన్నాడు మేస్త్రి. "మిగతా బండికి వేసుకో. కుట్ల మీద ఏదీ పూయకు. నూనె రుద్దు, చాలు. కనబడాలి."

అతుకు కనబడాలని ఆయన నోట వినడానికి ఆమె చెవులు ఒప్పుకోలేదు. అయినా డబ్బా మూసి నూనె గుడ్డ అందుకుంది. గేట్లకి మాత్రం ఆయన ఇప్పటికీ పందేలు కడుతూనే ఉన్నాడు, నెగ్గుతూనే ఉన్నాడు.

తమ్ముడు మళ్ళీ కొండ అవతలికి వెళ్ళడం మొదలుపెట్టాడు. వెళ్ళే ముందు జీపుని ఎక్కించుకుని, వీధిలో రెండు చుట్లు తిప్పి, వాళ్ళ ఇంటి ముందు ఆపుతాడు. దిగి, లోపలికి వినబడేలా పిలుస్తాడు.

"అక్కా, ఒకసారి వచ్చి భయపడి వెళ్ళు."

వీధి అంతా నవ్వుతుంది. పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చి, మెడ కింద చతికిలబడి, ఆ గరుకు కుట్ల వెంట బొటనవేలు నడిపిస్తుంది. ఒక కొస నుంచి ఇంకో కొసకి, మళ్ళీ వెనక్కి. ఆమె లేచేదాకా తమ్ముడు తాళం తిప్పడు. మేస్త్రి షెడ్డులో పని ఆపి గుమ్మంలో నిలబడతాడు. ఇద్దరూ ఆమె మొహమే చూస్తుంటారు.

ఆమెకి ఆ చూపులంటేనే భయం. వెనకటికి ఆమె అమ్మో అంటే ఎవరూ చెవిన పెట్టేవారు కాదు, అంచేత ఎంత భయపడినా బరువు ఉండేది కాదు. ఇప్పుడు ఆమె సరేనంటే బండి కొండెక్కుతుంది. వేలు ఇంకోసారి నడిపిస్తుంది. నూనె అంటిన ఆ వేలిని చెంగుకి తుడుచుకుని, తమ్ముడి మొహంలోకి చూసి, వెళ్ళరా అంటుంది. ఆ ఒక్క మాట అన్నాక అతను తిరిగి వచ్చేదాకా వీధి గుమ్మంలోనే కూర్చుంటుంది.